కుక్క కరిచింది, పోలీసులు తీసుకెళ్లారు: యజమానికి ఏ హక్కులున్నాయి? మా ఇంటి అనుభవం

ఆ ఆదివారం అశోక్‌నగర్‌లో టెస్ట్ సిరీస్ పేపర్ రాసి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే నాన్నవి 6 మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆయన మామూలుగా ఒకసారి చేసి ఊరుకుంటారు. తిరిగి చేస్తే అమ్మ ఎత్తింది. "టామీ ఒక పాపని కరిచిందిరా. పోలీసులొచ్చి దాన్ని తీసుకెళ్లారు" అంది. తర్వాత నాన్న ఫోన్ తీసుకుని ఒక్కటే అడిగారు: "నువ్వు చట్టాలన్నీ చదువుతున్నావు కదా, ఇప్పుడు ఎవర్ని అడగాలి?"

నాకు జవాబు తెలియలేదు. ప్రాథమిక హక్కుల మీద పది మార్కుల ప్రశ్నకి ఏడు నిమిషాల్లో సమాధానం రాయగలను. మా కుక్క గురించి ఏ తలుపు తట్టాలో మాత్రం చెప్పలేకపోయాను. "వస్తున్నా" అని ఫోన్ పెట్టేసి రాత్రి బస్సెక్కాను. ఆ తర్వాతి పది రోజుల్లో నేర్చుకున్నదే ఈ వ్యాసం. బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్లు ఎలాగూ మనం చదవాల్సినవే. అవి ఒక ఇంటి గేటు దగ్గర ఎలా పనిచేస్తాయో చూస్తే ఇంకా బాగా గుర్తుంటాయి.

ఏం జరిగింది

మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. పొద్దున్నే పాలకోసం వీధిలోవాళ్లు వస్తారు. ఆ వేళకి టామీని కొట్టంలో కట్టెయ్యడం అలవాటు. అది నాటు కుక్క, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు వానలో తడుస్తుంటే తెచ్చాను. గేటు గడియ ఊడిపోయి నెల అయింది. "రేపు వెల్డింగ్ చేయిస్తా" అని నాన్న అంటూనే ఉన్నారు. ఆ రోజు టామీని కట్టలేదు. రెండు వీధుల అవతలనుంచి ఏడేళ్ల పాప స్టీలు క్యాను పట్టుకుని వచ్చింది, గేటు తోసింది. టామీ కుడికాలి పిక్క పట్టుకుంది. రెండు పళ్లు లోతుగా దిగాయి.

పాప వాళ్లమ్మ మిరప కోతలకి వెళ్తుంది. మేనమామ వెళ్లి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, పంచాయతీ మనుషుల సాయంతో టామీ మెడకి తాడేసి ఆటోలో ఎక్కించుకుని పోయారు. నాన్న చేతికి కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు.

సోమవారం పొద్దున నేను స్టేషన్‌కి వెళ్లేసరికి టామీ వెనకవైపు వేపచెట్టుకి కట్టేసి ఉంది. ఒకపక్క పట్టుకొచ్చిన ఇసుక ట్రాక్టరు, ఇంకోపక్క తుప్పుపట్టిన మోటారు సైకిళ్లు, మధ్యలో మా కుక్క. నన్ను చూసి లేచి తోక ఊపింది. దగ్గరికి వెళ్లబోతే సెంట్రీ వద్దన్నాడు.

ఎస్సై గారి ముందు నిలబడి నేను చేసిన మొదటి పని ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. "సార్, ఆర్టికల్ 300ఏ ప్రకారం చట్టం ద్వారా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు" అన్నాను. ఆయన కోప్పడలేదు. "బాబూ, నిన్న మీ ఇంటి ముందు నలుగురు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మేం తేకపోతే నీ ఆస్తి ఈపాటికి గోతిలో ఉండేది" అన్నారు. నా దగ్గర మాట లేదు. ఆయన చెప్పింది నిజమే.

కానీ ఆ సాయంత్రమే స్టేషన్ రైటర్ ఇంకో మాట అన్నాడు. "ఇక్కడ ఎన్నాళ్లని పెట్టుకుంటాం? పంచాయతీ వాళ్లకి అప్పజెప్తాం, వాళ్లే చూసుకుంటారు." ఆ "చూసుకుంటారు" అనే మాటకి మా ఊళ్లో అర్థం అందరికీ తెలుసు. కాగితం లేకుండా తెచ్చిన కుక్క, కాగితం లేకుండానే మాయమవుతుంది. దయతో చేసిన పని అయినా రికార్డులోకి ఎక్కకపోతే దానికి జవాబుదారీ ఎవరూ ఉండరు. చట్టం పంచనామా ఎందుకు అడుగుతుందో నాకు ఆ రోజు అర్థమైంది.

కేసు ఏ సెక్షన్ కింద వస్తుంది

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత ఐపీసీ 289 ఇప్పుడు బీఎన్‌ఎస్ 291. తన ఆధీనంలో ఉన్న జంతువువల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, తీవ్ర గాయం గానీ కలిగే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని నివారించడానికి సరిపోయే జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. తెలిసీ తీసుకోకపోయినా, నిర్లక్ష్యంతో తీసుకోకపోయినా ఒకటే. శిక్ష 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 1,000 రూపాయలే. దీనితోపాటు ఇతరుల భద్రతకి ముప్పు తెచ్చే దుడుకు లేదా నిర్లక్ష్యపు చర్యకి బీఎన్‌ఎస్ 125 పెడతారు. మా నాన్న మీద రెండూ పెట్టారు.

291లో గమనించాల్సిన మాట "ఆధీనం". యజమాని ఎవరు అని చట్టం అడగడం లేదు, కుక్క ఎవరి చేతిలో ఉంది అని అడుగుతోంది. ఈ తేడా మా ఇంట్లో వెంటనే పనికొచ్చింది. టీకా కార్డు మీద ఉన్నది నా పేరు. రైటర్ ఆ కార్డు చూసి "కుక్క ఎవరిది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న "నాదే సార్. వాడు ఊళ్లో ఉండడు, చదువుకుంటున్నాడు" అన్నారు. సర్వీసులోకి ఎంపికైతే నింపాల్సిన అటెస్టేషన్ ఫారంలో క్రిమినల్ కేసుల గడి ఉంటుందని మనకందరికీ తెలుసు. ఆ సంగతి నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఆయనకి తెలుసు.

చట్టప్రకారం నాన్న చెప్పింది సరైనదే. ఆ రోజు కుక్క ఆయన ఆధీనంలోనే ఉంది. కానీ ఆ కార్డులో చివరి టీకా అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో వేయించింది. ప్రతి ఏటా సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు. తీసుకెళ్లేది నేనే. ఈసారి ఆ రోజు నేను హైదరాబాద్‌లో మాదిరి పరీక్ష రాస్తున్నాను. ఫోన్ చేసి నాన్నకి గుర్తుచేస్తే సరిపోయేది. గుర్తుచేయలేదు. ఎఫ్‌ఐఆర్‌లో నిర్లక్ష్యం అనే మాట పక్కన ఆయన పేరు ఉంది. అందులో సగం నాది.

ఈ నేరం కాగ్నిజబుల్, అంటే పోలీసులు వారెంటు లేకుండా దర్యాప్తు చేయొచ్చు. బెయిలబుల్ కూడా, అంటే పూచీకత్తు ఇస్తే బెయిలు హక్కుగా వస్తుంది. ఏడేళ్లలోపు శిక్షపడే నేరం కాబట్టి అరెస్టు అవసరం లేని చోట బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. పాత సీఆర్‌పీసీ 41ఏ, 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు మనం చదివినవే. నాన్నకి నోటీసే ఇచ్చారు.

మరి కుక్క సంగతి?

ఇక్కడే అసలు చిక్కు. భారతీయ చట్టం కుక్కని రెండు రకాలుగా చూస్తుంది. ఒకవైపు అది ఆస్తి. ఇంకోవైపు బాధ తెలిసిన ప్రాణి. పోలీసులు స్వాధీనం చేసుకున్నప్పుడు ఈ రెండు చూపులూ ఒకే తాడుకి కట్టేసి ఉంటాయి.

స్వాధీనానికి ఆధారం బీఎన్‌ఎస్‌ఎస్ 106, పాత సీఆర్‌పీసీ 102. దొంగసొత్తు అన్న అనుమానమున్న వస్తువునీ, నేరం జరిగిందన్న అనుమానం కలిగించే పరిస్థితుల్లో దొరికిన వస్తువునీ పోలీసు అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. కరిచిన కుక్క ఈ మాటల్లోకి వస్తుందా అని వాదించే వీలుంది. నిర్లక్ష్యం మనిషిది, ఆ నిర్లక్ష్యాన్ని రుజువు చేసేది ఊడిన గడియ. కుక్కని తీసుకెళ్తే దర్యాప్తుకి వచ్చే లాభమేమిటి? మా లాయరు గారు ఈ వాదన రాస్తానన్నారు గానీ, "దీనిమీద ఆధారపడకు, దాని తర్వాతి వాక్యం పట్టుకో" అన్నారు.

ఆ తర్వాతి వాక్యం 106(3). స్వాధీనం చేసుకున్న అధికారి వెంటనే ఆ సంగతి మేజిస్ట్రేటుకి నివేదించాలి. వస్తువుని కోర్టుకి తేవడం కష్టమైతే, భద్రపరిచే వసతి లేకపోతే, లేదా దర్యాప్తుకి ఇక అట్టిపెట్టుకోవాల్సిన అవసరం లేకపోతే, అడిగినప్పుడు హాజరు పరుస్తామని బాండు రాయించుకుని ఎవరికైనా అప్పగించొచ్చు. అంటే పోలీసు స్థాయిలోనే కుక్కని తిరిగి ఇచ్చే దారి చట్టంలో ఉంది. దీనికి తోడు బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం స్వాధీన ప్రక్రియనీ, వస్తువుల జాబితా తయారీనీ, సాక్షుల సంతకాలనీ ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. ఇది కొత్త చట్టంలో వచ్చిన మార్పు, ప్రిలిమ్స్‌కి కూడా గుర్తుపెట్టుకోండి.

పోలీసులు ఇవ్వకపోతే కోర్టు ఉంది. వస్తువుని కోర్టు ముందుకి తెచ్చి ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ 497, తేకుండా నివేదించి ఉంటే 503. పాత నంబర్లు 451, 457. విచారణ తేలేదాకా తాత్కాలికంగా ఎవరి దగ్గర ఉండాలో మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ వర్సెస్ గుజరాత్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని త్వరగా వాడాలంది. స్వాధీనం చేసుకున్న వస్తువులు 15 రోజుల నుంచి నెలకి మించి స్టేషన్‌లో పడి ఉండకూడదంది. ఆ తీర్పు బంగారం, నగదు, వాహనాల గురించి. మోటారు సైకిలుకే ఆ మాట వర్తిస్తే, ఆకలీ దాహం ఉన్న ప్రాణికి ఇంకా ఎక్కువ వర్తించాలి కదా.

జంతు హింస నివారణ చట్టం, 1960లోని 3వ సెక్షన్ ప్రకారం జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని బాగోగులు చూడటం, దానికి అనవసర బాధ కలగకుండా చూడటం వారి బాధ్యత. యజమానికే అని చెప్పలేదు, కాబట్టి వేపచెట్టు కింద ఉన్నంతకాలం ఆ బాధ్యత స్టేషన్‌ది. న్యాయంగా చెప్పాలంటే కానిస్టేబుళ్లు వాళ్ల క్యారియరు అన్నమే దానికి పెట్టారు. కేసు ఆస్తిగా ఉన్న జంతువుల సంరక్షణకి 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. కానీ అవి జంతు హింస చట్టం కింద పట్టుకున్న జంతువులకి. మనిషిని కరిచిన కేసులో బీఎన్‌ఎస్‌ఎస్ కింద పట్టుకున్న కుక్క వాటి పరిధిలోకి సూటిగా రాదు. ఈ ఖాళీ మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు.

చంపేయొచ్చా? ఊళ్లో అందరూ అడిగిన ప్రశ్న ఇదే. పోలీసులకి గానీ పంచాయతీకి గానీ తమంతట తాము అలా చేసే అధికారం లేదు. సాధారణ చట్టంలో ఉన్న దారి బీఎన్‌ఎస్‌ఎస్ 152, పాత 133. ప్రమాదకరమైన జంతువుని చంపాలని, బంధించాలని లేదా వేరేవిధంగా వదిలించుకోవాలని జిల్లా మేజిస్ట్రేటు, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు లేదా ప్రత్యేక అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వొచ్చు. కానీ ఆ ఉత్తర్వులోనే, అభ్యంతరం ఉంటే వచ్చి కారణం చెప్పుకోమని యజమానికి అవకాశం ఇవ్వాలి. వస్తే సాక్ష్యం తీసుకోవాలి. ఎవరైనా చాటుగా విషం పెడితే అది బీఎన్‌ఎస్ 325 కింద నేరం, 5 ఏళ్ల వరకు జైలు.

పశువుల డాక్టరు అడిగిన ప్రశ్న

ఇవన్నీ నేను మంగళవారం మధ్యాహ్నానికి ఫోన్‌లో చదివేసి, టీకా కార్డు పట్టుకుని పశువైద్యాధికారి దగ్గరికి వెళ్లాను. కుక్క ఆరోగ్యంగా ఉందని ఒక కాగితం కావాలన్నాను. ఆవిడ కార్డు చూసి, "బూస్టర్ దాటిపోయింది. పది రోజులు గమనించకుండా నేనేమీ రాయను" అన్నారు. తర్వాత అడిగారు: "పాపకి సీరం వేశారా?"

నాకు తెలియదు. మూడు రోజుల్లో స్టేషన్‌కి నాలుగుసార్లు వెళ్లాను. ఆ పాప ఎలా ఉందో ఒక్కసారి కూడా కనుక్కోలేదు.

చర్మం చీల్చుకుని పళ్లు దిగితే అది మూడో కేటగిరీ గాయం. సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. టీకా మొదలుపెట్టాలి. దాంతోపాటు గాయంలోకి రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే మామూలు మాటలో సీరం ఇవ్వాలి. టీకా పనిచేయడం మొదలయ్యేదాకా శరీరాన్ని కాపాడేది అదే. మొదటి టీకా వేసిన 7 రోజుల్లోపే అది ఇవ్వాలి, ఆ తర్వాత ప్రయోజనం ఉండదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు.

డాక్టరమ్మ దగ్గర్నుంచి నేరుగా పాప ఇంటికి వెళ్లాను. రేకుల ఇల్లు. వాళ్లమ్మ కోతల నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఆదివారం టీకా వేశారట, రెండో డోసుకి బుధవారం రమ్మన్నారట. సీరం అక్కడ లేదు, పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసిచ్చారు. పెద్దాసుపత్రి 30 కిలోమీటర్లు. "పోతే ఒకరోజు కూలి పోద్ది, రానూపోనూ చార్జీలు. సూది వేశారు కదా అని ఊరుకున్నా" అంది. ఆ చీటీ గోడకి ఉన్న క్యాలెండరు వెనక పెట్టి ఉంది.

నేను సీరం అంటే ఏమిటో చెప్పాను. ఆమె నిశ్శబ్దంగా విని, "కుక్క కోసం టేసన్‌కి ఎన్నిసార్లు పోయావు బాబూ? మా ఇంటికి రావడం ఇదే మొదలు" అంది. తిట్టినట్టు కూడా లేదు, లెక్క అడిగినట్టు ఉంది.

నాన్న అరగంటలో ఆటో తెచ్చారు. పాప, వాళ్లమ్మ, నాన్న, నేను పెద్దాసుపత్రికి వెళ్లాం. రాత్రి 8 గంటలకి గాయం చుట్టూ సీరం ఇచ్చారు. పాప గట్టిగా ఏడ్చింది. నాన్న బయట వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డారు. అది మూడో రోజు. ఇంకో నాలుగు రోజులు అలాగే గడిచిపోయి ఉంటే ఆ అవకాశం కూడా పోయేది.

హక్కు ఎవరిది అనే ప్రశ్న

వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఒక సంగతి తట్టింది. టామీ బతికి ఉండటం మాకంటే ఆ పాపకే ఎక్కువ అవసరం. రేబిస్ ఉన్న కుక్క లాలాజలంలో వైరస్ వచ్చాక, మామూలుగా పది రోజుల్లోపే జబ్బుపడి చనిపోతుంది. కరిచిన రోజునుంచి పది రోజులు ఆరోగ్యంగా ఉంటే ఆ కాటువల్ల రేబిస్ రాలేదని అర్థం. మిగతా డోసుల సంగతి డాక్టరు దాన్నిబట్టి నిర్ణయిస్తారు. కర్రలతో కొట్టి చంపినా, అడవిలో వదిలేసినా ఆ తల్లికి ఈ సమాధానం ఎప్పటికీ దొరకదు. వీధి కుక్కల నియమాలు కూడా రేబిస్ అనుమానం ఉన్న కుక్కని విడిగా ఉంచి గమనించమంటాయి తప్ప, వెంటనే చంపమనవు.

బుధవారం మేం కోర్టులో వేసిన పిటిషన్‌లో మొదటి కారణం ఆస్తి హక్కు కాదు. "గాయపడిన బాలిక చికిత్సకు ఈ జంతువును పశువైద్యుల పరిశీలనలో సజీవంగా ఉంచవలసి ఉన్నది" అని రాశాం. 300ఏ నాలుగో పేరాలోకి వెళ్లింది. మేజిస్ట్రేటు పోలీసు నివేదిక అడిగారు. అప్పటిదాకా లేని పంచనామా, నివేదిక మర్నాటికి వచ్చాయి. ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పలేదు. శుక్రవారం 10,000 రూపాయల బాండు మీద తాత్కాలిక అప్పగింత ఉత్తర్వు వచ్చింది. షరతులు మూడు: గొలుసు లేకుండా బయటికి వదలకూడదు, రోజూ పశువైద్యాధికారి చూడాలి, పిలిచినప్పుడు హాజరు పరచాలి. ఆ సాయంత్రం గడియ వెల్డింగ్ అయ్యాకే టామీ ఇంటికొచ్చింది.

పదో రోజు డాక్టరమ్మ ఇంగ్లీషులో సర్టిఫికెట్ రాశారు. నేను కింద తెలుగులో రాసి పాప ఇంటికి తీసుకెళ్లాను. వాళ్లమ్మకి చదువు రాదు. పాపే కూడబలుక్కుంటూ చదివింది: "కుక్క ఆ-రో-గ్యం-గా ఉంది." చదివి వాళ్లమ్మ వైపు చూసింది. ఆమె ఆ కాగితాన్ని కూడా క్యాలెండరు వెనకే పెట్టింది.

తర్వాత కేసు వచ్చినప్పుడు నాన్న నేరం ఒప్పుకున్నారు. జరిమానా కట్టారు. పోగొట్టుకున్న కూలి, చార్జీలు మేం ఇచ్చాం. ఆమె లెక్కపెట్టుకుని, ఎక్కువైన 200 రూపాయలు వెనక్కి ఇచ్చేసింది. ఇప్పుడు పాలకి పాప రావడం లేదు. నాన్నే క్యాను పట్టుకెళ్లి ఇచ్చి వస్తున్నారు.

మెయిన్స్ దృష్టితో

దీన్ని జవాబుగా రాయాల్సి వస్తే నేను ఈ అంశాలు పెడతాను.

ఒకటి, స్వాధీనం అంటే ఆధీనం మారడమే, యాజమాన్యం పోవడం కాదు. యజమానికి కాగితం అడిగే హక్కు, మేజిస్ట్రేటు ముందుకి వెళ్లే హక్కు, తాత్కాలిక అప్పగింత కోరే హక్కు, చంపమని ఉత్తర్వు వచ్చేలోపు తన మాట చెప్పుకునే హక్కు ఉన్నాయి. ఇవన్నీ సహజ న్యాయ సూత్రాలకి రూపాలే. టీకా, గొలుసు, గడియ మాత్రం యజమాని బాధ్యతలు. అవి నెరవేర్చకుండా హక్కులు మాత్రమే అడిగితే ఎస్సై గారి ముందు నాకు పట్టిన గతే పడుతుంది.

రెండు, జంతువులకి హక్కులున్నాయా? 2014 నాటి నాగరాజ తీర్పు ఆ దిశగా చాలా దూరం వెళ్లింది. 2023 మే 18న జల్లికట్టు కేసులో రాజ్యాంగ ధర్మాసనం జంతువులకి ప్రాథమిక హక్కుల్ని గుర్తించిన పూర్వోదాహరణ లేదంది. కాబట్టి కుక్క తరఫున మనకి మిగిలినవి 1960 చట్టం, 51ఏ(జి)లోని జీవకారుణ్య విధి.

మూడు, జాతి మీద నిషేధమా, ప్రవర్తన మీద నియంత్రణా? 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకి రాసింది. సంబంధిత వర్గాలతో సంప్రదించకుండా ఇచ్చారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. బ్రిటన్‌లో 1991 నుంచి ప్రమాదకర కుక్కల చట్టం ఉంది. అక్కడ కొన్ని జాతుల మీద నిషేధం ఉంది, కుక్కని చంపాలా వద్దా అని కోర్టు తేల్చే పద్ధతీ ఉంది. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మా టామీ ఏ నిషేధిత జాబితాలోనూ ఉండదు, అయినా కరిచింది.

నాలుగు, పరిష్కారం. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. కాటు కేసు నమోదైన వెంటనే స్టేషన్, ఆరోగ్య కేంద్రం, పశువుల ఆసుపత్రి మూడూ ఒకే కాగితం మీదికి రావాలి: పాపకి సీరం అందిందా, కుక్క ఎవరి పరిశీలనలో ఉంది, బాండు ఎవరిచ్చారు. మా ఊళ్లో ఈ మూడింటి మధ్య దూరం రెండు కిలోమీటర్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియడానికి మూడు రోజులు పట్టింది, అది కూడా ఒక డాక్టరమ్మ అడిగింది కాబట్టి.

మిత్రులారా, 152 సెక్షన్ కింద కుక్క ప్రాణం మీద సంతకం పెట్టే అధికారం సబ్‌కలెక్టరుది. మనలో కొందరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు. అర్జీతో వచ్చిన యజమాని హక్కుల గురించి మాట్లాడతాడు, నేను మాట్లాడినట్టే. ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. పశువుల ఆసుపత్రిలో దొరికింది: పాపకి సీరం వేశారా?